ఎర్ర చుక్కకు తోడు

1961లో నేను బందరులో ఒక కాలేజీ ఫిజిక్స్ లాబ్‌లో అటెండరుని. మా లైబ్రరీ డాబా మీద ఒక ఇత్తడి టెలిస్కోపు ఉండేది. దొరల కాలంలో ఎవరో ఇచ్చి పోయారు. దాన్ని వాడే మనిషి ఒక్కడే, సత్యానందం మేష్టారు. ఆయనకు సాయం పట్టే మనిషీ ఒక్కడే, నేను. పగలు లాబ్‌లో నా ఉద్యోగం, చీకటి పడ్డాక డాబా మీద నా పని. ఆ డాబా మీద జరిగిన ఒక సంగతి చెబుతాను. చుట్టూ తిప్పి చెప్పడం నాకు చేతకాదు. అక్షరాలు ఆలస్యంగా వచ్చినవాణ్ణి, మాట నేరుగా పెట్టడమే తెలుసు.

నక్షత్రాల దగ్గర పనిచేశానంటే జనం వెంటనే పిల్ల పుట్టిన ఘడియ చెప్పి, ఎప్పుడు పెళ్ళవుతుందని అడుగుతారు. మా పని అది కాదు. ఆకాశంలో కొన్ని చుక్కల వెలుగు ఒక్కతీరుగా ఉండదు, పెరుగుతుంది, తగ్గుతుంది. వాటిని వేరియబుల్ స్టార్స్ అంటారు. కొన్నిటికి ఒంట్లోనే ఆ గుణం ఉంది, ఊపిరి పీల్చి వదిలినట్టు ఉబ్బి తగ్గుతాయి. మరికొన్ని బైనరీలు, అంటే జంట చుక్కలు. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. రెండోది మసకదైతే మన కంటికి ఆనదు. అది మొదటిదానికి అడ్డం వచ్చినప్పుడు మొదటిది డల్లవుతుంది, తప్పుకోగానే మళ్ళీ వెలుగుతుంది. కనపడేదాన్ని కనిపెట్టుకుని కూర్చుంటే కనపడనిదాని సంగతి తెలుస్తుందన్నమాట.

వెలుగు కొలవడానికి మా దగ్గర యంత్రం లేదు, కన్నే. వెలుగు మారని చుక్కలు చుట్టుపక్కల ఉంటాయి. వాటిని కంపారిజన్ స్టార్స్ అంటారు. చార్టు మీద వాటికి ఏ, బీ, సీ అని గుర్తులు. మన చుక్క ఏ కంటే ఎన్ని మెట్లు తక్కువ, బీ కంటే ఎన్ని మెట్లు ఎక్కువ అని చూసి అంకె వేయాలి. దాన్ని ఎస్టిమేట్ అంటారు. కూరలో ఉప్పు చూసినట్టే, నాలుకకు అలవాటు కావాలి.

పనిలో చేరేనాటికి నాకు అక్షరమ్ముక్క రాదు. మాది కోడూరు అవతల, ఇంటిల్లిపాదీ చేలల్లో పని. బడికి పంపే తీరిక ఎవరికుంది? అందుకని మొదట్లో నా ఎస్టిమేట్ చింతపిక్కలతో చెప్పేవాణ్ణి. ఎన్ని మెట్లయితే అన్ని పిక్కలు ఆ చుక్క డబ్బాలో వేసేవాణ్ణి. ఒకసారి ఎలకలు డబ్బాలు దొర్లించి రెండు చుక్కల లెక్క కలిపేశాయి. ఇక లాభం లేదని మేష్టారు చార్టు మీద నా వేలు పెట్టించి ఏ, బీ, సీ నేర్పారు. నేను ముందు నేర్చుకున్నది ఆ అక్షరాలే. అ ఆలు తర్వాత వచ్చాయి. అప్పటికి నా మీసాల్లో తెలుపు కూడా వచ్చింది.

మేష్టారు మా చర్చి సంఘం మనిషే. తండ్రి పామిడిముక్కల దగ్గర పల్లెలో పాస్టరుగా చేశాడు. భార్య పెళ్ళయిన కొత్తలోనే పోయింది. గొడుగుపేటలో రెండు గదుల వాటా, హోటల్ కారియర్ భోజనం, ఎవరూ రారు, పోరు. నేనూ ఒంటిగాణ్ణే. అయినా డాబా మీద ఇద్దరం కబుర్లు చెప్పుకునేవాళ్ళమని అనుకోకండి. అక్కడొక నియమం ఉండేది. ఒకరు చూసింది ఒకరికి చెప్పకూడదు. చెబితే ఒకరి అంకె రెండోవాడి కంటికి అంటుకుంటుంది. నేను చూసి రాసి జేబులో పెట్టుకోవాలి, ఆయన చూసి రాసి తన జేబులో పెట్టుకోవాలి, తెల్లవారాక రెండూ పక్కపక్కన పెట్టాలి. ఏదో ఒకటి నోరు జారుతుందని ఆయన అసలు మాటే రద్దు చేశారు. ఏళ్ళ తరబడి మూరెడు దూరంలో కూర్చుని ఎవరి మౌనం వాళ్ళు మోశాం. రేవు వైపు నుంచి గాలి వచ్చేది. దాంతో మాట్లాడినా తప్పు లేదు.

మేం చూసే వాటిలో ఒక ఎర్ర చుక్క ఉండేది. దానికి కేటలాగులో పొడుగాటి నంబరుంది, మేం ఎర్రది అనేవాళ్ళం. కొద్దిగా పెరుగుతూ తగ్గుతూ ఉండడం దాని స్వభావం. చుట్టూ ఉన్న ఏ, బీ, సీ మాత్రం తెల్లటి చుక్కలు. చాలాకాలం మా ఇద్దరి అంకెలూ పక్కపక్కనే నడిచాయి. ఆ తర్వాత విడిపోయాయి. మేష్టారి ఎర్రది ఏటికేడు వెలుగు పెంచుకుంటూ పోయింది. నా ఎర్రది ఉన్నచోటే ఉంది.

"ఏవోయ్ యోహానూ, నిద్రలో చూస్తున్నావా?" అన్నారు ఒక పొద్దున్న.

"మెలకువగానే చూశానండి."

"బీ కంటే కిందకి ఎలా వేశావు? బీని ఎప్పుడో దాటిపోయింది గదా!"

"నాకు దాటలేదండి."

"నిన్న వేసిన అంకె గుర్తుపెట్టుకుని ఇవాళ అదే వేస్తున్నావు. చూడ్డం మానేశావు నువ్వు."

నాకు కోపం వచ్చింది. "అంత నమ్మకం లేకపోతే ఇంకెవరినైనా పెట్టుకోండి. బందరు నిండా కళ్ళున్నాయి," అన్నాను.

ఆయన ఇంకెవరినీ పెట్టుకోలేదు. నా అంకెలు అడగడం మాత్రం మానేశారు. ఒక్క మాట ఆయన వైపు చెప్పాలి. నీ అంకె మార్చు అని ఒక్కసారి కూడా అనలేదు. పక్కన పెట్టారు, అంతే. నేను మాత్రం రాసి జేబులో పెట్టుకుంటూనే ఉన్నాను. అడిగేవాడు లేని అంకె రాయడం ఎలా ఉంటుందంటే, వండి ఎవరికీ వడ్డించకుండా మూత పెట్టినట్టు ఉంటుంది.

ఆయనకు ఈ లోపల ఒక ఆలోచన తట్టింది. ఎర్రదానికి కనపడని తోడు ఒకటుంది, అది చాలా పెద్దది, నెమ్మదిగా తిరుగుతుంది, మనం పుట్టకముందు నుంచీ ఎర్రదానికి అడ్డంగా ఉంది, ఇప్పుడు తప్పుకుంటోంది. అందుకే వెలుగు పెరుగుతోంది. వేరే ఊళ్ళ నుంచి చూసేవాళ్ళకు ఇద్దరు ముగ్గురికి రాశారు. మాకేం పెరిగినట్టు లేదని వాళ్ళన్నారు. "సరిగ్గా చూడాలి గదా," అన్నారు మేష్టారు. మద్రాసులో పెద్దవాళ్ళు కూడే ఒక సభలో ఈ సంగతి ఆయన చదవడానికి అక్కడివాళ్ళు ఒప్పుకున్నారు. జీవితమంతా ఇతరులు కనిపెట్టిన చుక్కలకు అంకెలు వేసిన మనిషి. తనదంటూ ఒకటి దొరికిందని మొహం వెలిగిపోయేది. ఆ కొన్ని నెలలు ఆయన నవ్వుతూ తిరగడం చూశాను. అంతకుముందు ఆ మనిషికి పళ్ళున్నాయని కూడా నాకు తెలియదు.

ఊరికి కూడా తెలిసిపోయింది. ప్రిన్సిపాల్‌గారు స్టాఫ్ రూములో చెప్పారు. పాస్టరుగారైతే ఆదివారం ప్రసంగమే చేశారు. "మనం ఒంటరివాళ్ళం అనుకుంటాం. మన సత్యానందం మేష్టారు కనిపెట్టిన ఆ ఎర్ర నక్షత్రం కూడా ఒంటరిదనే అనుకున్నారు. కానీ దాని పక్కన కనపడని తోడు ఉన్నాడు!" అన్నారు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. మేష్టారు ముందు బెంచీలో తల వంచుకు కూర్చున్నారు. నాకు కూడా, నా అంకె అవతల పెట్టి, ఆ తోడు ఉంటే బాగుండుననే అనిపించింది.

మద్రాసు ప్రయాణానికి ఇంకా కొద్ది రోజులుందనగా ఒక పొద్దున్న టికెట్ సంగతి కనుక్కోవడానికి గొడుగుపేట వెళ్ళాను. బట్టలుతికే నాంచారమ్మ వరండాలో మూట విప్పుతోంది. మేష్టారు ఒక పంచె తీసి ఎండకు పట్టి చూశారు.

"ఏమిటి నాంచారమ్మా ఇది? మళ్ళీ పచ్చగానే తెచ్చావు. నీలిమందు పెట్టమని ఎన్నిసార్లు చెప్పాలి?"

తెల్లబట్ట పచ్చబడకుండా ఉతికాక ఆఖరి నీళ్ళలో నీలిమందు కలిపి ముంచుతారు. ఆ సంగతి మీకు తెలిసిందే. నాంచారమ్మ మూట వదిలేసి నడుం మీద చెయ్యేసుకుని లేచింది.

"ఇంకా పెట్టమంటారా అండీ బాబూ? మీకో దణ్ణం! చాకిరేవులో పక్క బండవోళ్ళు నన్ను చూసి నవ్వుతున్నారు. మీ బట్టలు ముంచిన నీళ్ళల్లో ఇంకోళ్ళ బట్ట ముంచితే తంతారని వేరే బాన పెట్టాను. మీ ఒక్కరికి పట్టే మందు పేటంతటికీ పట్టదు."

"మందు పెడితే ఇలా ఉంటుందా? పసుపు నీళ్ళలో ముంచినట్టుంది!"

"పసుపా?" నాంచారమ్మ నా వైపు తిరిగింది. "ఏమయ్యా, నువ్వు చెప్పు. మొన్న ఆదివారం గుళ్ళో కుర్రోళ్ళు ఈయన్ని చూసి కృష్ణుడొచ్చాడ్రా అనుకున్నారంట. మీ గుళ్ళోకి ఆ దేవుడెందుకొచ్చాడని మా ఆయన ఒకటే నవ్వు!"

మేష్టారు నవ్వలేదు. పంచె చేతిలోనే ఉంది. "యోహానూ, ఇది ఏ రంగు?"

ఆయన ఏడాది పైగా నీలిరంగు తిరిగిన బట్టలతో తిరుగుతున్నారు. నేను రోజూ చూసినవాణ్ణే. పెద్దవాళ్ళకి ఏదో సరదా అనుకున్నాను. రంగు గురించి అడగడానికి నేనెవర్ని?

"నీలం అండి."

"తెలుపు మీద కొంచెం నీలమా?"

"కొంచెం కాదండి. బాగానే నీలం."

ఆయన పంచెను మూటలోని మిగతా బట్టల పక్కన పెట్టి చూశారు. తర్వాత పాఠం చెప్పే గొంతు వచ్చింది. "నాంచారమ్మా, నీ మూటలో అందరి బట్టలూ ఉన్నాయి గదా. అసలు మందు పెట్టని గుడ్డ ఒకటి తియ్యి. కొంచెం పెట్టింది ఒకటి. ఇంకొంచెం పెట్టింది ఒకటి. ఆఖర్న నాది. వరసగా దండెం మీద వెయ్యి."

ఆమె గొణుక్కుంటూనే వేసింది. నాకు ఏం జరుగుతోందో దండెం నిండాక అర్థమైంది. మా చార్టు మీద ఏ, బీ, సీ ఉన్నట్టే, తీగ మీద గుడ్డలు వరసగా ఉన్నాయి. మేష్టారు గుడ్డల వరస మార్చమని నాతో చెప్పి, తను గోడ వైపు తిరిగారు. మార్చాను. ఆయన వచ్చి చూసి వరస చెప్పారు. తప్పు. మళ్ళీ మార్చమన్నారు. మళ్ళీ తప్పు. మందు లేనిదీ కొంచెం పెట్టిందీ ఇంకొంచెం పెట్టిందీ ఆయనకు ఒకటే. తన పంచె ఒక్కటే కాస్త తెల్లగా ఉందన్నారు.

మొదటిసారి నాంచారమ్మ పకపకా నవ్వింది. రెండోసారి నవ్వలేదు. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "బాబుగారికి కళ్ళు పోతున్నాయా?" అంది నాతో నెమ్మదిగా.

మేష్టారు వరండా అరుగు మీద కూర్చున్నారు. "పోవడం కాదు, పచ్చబడటం. కంట్లో శుక్లం ముదురుతోంది. కంటిలోపలి అద్దం పొగబట్టిన లాంతరు చిమ్నీలాగా పసుపు తిరిగింది. పసుపు అద్దం నీలం వెలుగును ఆపుతుంది, ఎరుపును పోనిస్తుంది." నా వైపు చూశారు. "ఏ, బీ, సీ తెల్లవి. వాటి వెలుగులో నీలం పాలు ఎక్కువ. నా కంట్లో అవి ఏటికేడు తగ్గాయి. ఎర్రది తగ్గలేదు. వాటితో పోల్చుకుని చూస్తాను గనుక ఎర్రది పెరిగినట్టు కనపడింది. ఎర్రది ఎక్కడికీ పోలేదు యోహానూ. నువ్వు చూసినట్టే ఉంది."

నాకు అదంతా ఆయన ఇంకోసారి విప్పి చెబితేగాని తలకెక్కలేదు. తలకెక్కాక ఆనందం కలగలేదు. గెలిచానని అనిపించలేదు.

"మరి తోడు?" అన్నాను.

"లేదు."

నాంచారమ్మ మూట కట్టుకుంది. వెళ్తూ, "నేను మందు తగ్గించనా అండీ, ఉంచనా?" అంది. "నీకు ఎలా తెల్లగా కనపడితే అలా చెయ్యమ్మా," అన్నారాయన.

ఆమె వెళ్ళాక నేనొక మాట అన్నాను. "మద్రాసు వెళ్ళి చదివేసి రండి మేష్టారూ. కాదని తేల్చేవాళ్ళెవరు? ఆ తోడు పూర్తిగా అడ్డం తొలగడానికి మీ లెక్క ప్రకారమే బోలెడు ఏళ్ళు గదా. అప్పటికి మనమెవరమూ ఉండం. ఎవరికి తెలుస్తుంది?"

"నాంచారమ్మకి తెలుసు గదయ్యా," అన్నారు.

నవ్వుతూ అన్నారేమోనని మొహంలోకి చూశాను. నవ్వడం లేదు. పొరపాటు జరిగింది, రావడం లేదు అని ఆ రోజే మద్రాసుకు రాశారు. ఇదివరకు రాసిన చోట్లకూ రాశారు. తన కళ్ళు ఎప్పటి నుంచి పనికిరావో చెప్పి, అప్పటి నుంచి తన అంకెలు కొట్టేసి యోహాను అంకెలు తీసుకోమన్నారు. పాస్టరుగారి దగ్గరకు స్వయంగా వెళ్ళారు. "పోనీ లెండి, నక్షత్రం తప్పినా ప్రసంగం తప్పు కాదు," అన్నారట పాస్టరుగారు. "మీకు తప్పు కాదండి, నాకు తప్పు," అన్నారట ఈయన.

కంటి ఆపరేషన్‌కు గుడివాడ రైల్లో తీసుకెళ్ళాను. ఆ రోజుల్లో ఆపరేషన్ అయ్యాక తల కదలకుండా రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టి, కళ్ళకు కట్టు కట్టి పడుకోబెట్టేవారు. పలకరించడానికి ఎవరూ రాలేదు. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. అలవాటు కొద్దీ మాట్లాడలేదు.

"ఏదైనా మాట్లాడవోయ్. ఇక్కడ ఎస్టిమేట్ ఏమీ లేదు," అన్నారు.

"ఏం మాట్లాడనండి?"

"పెళ్ళెందుకు చేసుకోలేదు?"

"చీకటి పడితే డాబా ఎక్కేవాడికి పిల్లనెవరిస్తారండి?"

"నాకు ఇచ్చారు," అన్నారు. దుప్పటి అంచు సర్దుకుని, "ఆమె ఉన్నట్టయితే మొదటి పంచెకే అడిగేది, ఏమిటీ నీలం అని," అన్నారు.

ఆయనకు జరిగింది శుక్లం ఒక్కటే కాదని అప్పుడు తెలిసింది. శుక్లం అందరికీ వస్తుంది. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే నవ్వేవాళ్ళు, తిట్టేవాళ్ళు, వారం తిరగకముందే డాక్టరు దగ్గరకు తరిమేవాళ్ళు. ఈయన్ని అడిగేవాళ్ళు లేక, లోకమే మెల్లగా పచ్చబడుతోందని నమ్మి, ఆ నమ్మకంలోంచి చుక్కకు ఒక తోడును పుట్టించారు.

కట్టు విప్పాక సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టారు. బందరు వచ్చి ఒక సాయంత్రం నా భుజం పట్టుకుని డాబా ఎక్కారు. టెలిస్కోపులో చాలాసేపు చూశారు. "యోహానూ, ఇంత నీలం పుట్టి ఎరగను," అన్నారు. కంటిలోపలి అద్దం తీసేశారు గనుక తెల్ల చుక్కలు ఇప్పుడు మామూలు మనిషికి కనపడేదానికన్నా నీలంగా, ఎక్కువ వెలుగుతో కనపడుతున్నాయట. అంటే ఇదీ పాత కన్ను కాదు. ముందు వేసిన అంకెలకూ ఇక వేయబోయే అంకెలకూ పొత్తు కుదరదు. ఆయనకు అది నాకన్నా ముందే తెలుసు. కన్ను ఆన్చే ఐపీసు మీద మూత పెట్టి, "చూడ్డానికి బాగుంది. కొలవడానికి పనికిరాదు," అని కిందికి దిగారు. మళ్ళీ ఎక్కలేదు.

ఆ తర్వాత ఎర్రదాన్ని నేనొక్కణ్ణే చూశాను. ఆయన కింద లైబ్రరీ మెట్ల మీద కూర్చునేవారు. నేను దిగి వచ్చాక, రాసేశావా అని అడిగి, రాసేశానంటేనే అంకె చెప్పించుకునేవారు.

"పెరిగిందా?"

"లేదండి."

"సరే," అనేవారు. ఒక్కోసారి ఆ సరే రావడానికి కొంచెం ఆలస్యమయ్యేది. పెరిగిందంటానేమోనని ఏ మూలనో ఆశ ఉండేదనుకుంటాను.

రిటైరయ్యాక ఆయన్ని చెల్లెలు పామిడిముక్కల తీసుకుపోయింది. మంచిదే, ఇంట్లో మనుషులున్నారు. నేను డాబా మీద ఇంకొన్నాళ్ళు పని చేశాను. ఎవరూ అడగకపోయినా చూసి రాసేవాణ్ణి. ఎస్టిమేట్ ఎప్పుడూ సరిగ్గానే ఉన్నట్టు అనిపించేది. ఒక్కనాడూ అనుమానం రాలేదు. అనుమానం రాకపోవడమే నన్ను భయపెట్టింది. మేష్టారికి కూడా రాలేదు గదా. కన్ను తన తప్పు తాను చూసుకోలేదు, దానికి పక్కన ఇంకో కన్ను కావాలి. ఈ పని నాకు నేర్పింది ఇదే, ఇంతకన్నా పెద్ద మాట నా దగ్గర లేదు. ప్రిన్సిపాల్‌గారి దగ్గరకు వెళ్ళి ఇంకో మనిషిని ఇవ్వండి అని అడిగాను. "చుక్కలు చూడ్డానికి ఇద్దరెందుకయ్యా?" అన్నారు. ఇద్దరు కాకపోతే అది చూడ్డమే కాదండి అని చెప్పి, టెలిస్కోపు తాళం ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను.